మూడో భాగం మార్చి ఇస్తాను, ఐదో భాగం ఆలస్యమవుతుంది

మన కుజగ్రహ నవలల్లో ఐదో భాగం ఉగాదికి మీ చేతికి రావలసింది. రాలేదు. ముందుగా డబ్బు కట్టి పేరు రాయించుకున్నవారు కడప ఏడురోడ్ల దగ్గరున్న మన కొట్టుకు వచ్చి అడుగుతుంటే, "ఇంకా అచ్చులో ఉంది" అని మా కుర్రాళ్లు చెప్పి పంపుతున్నారు. అది నిజం కాదు. నేనే దాన్ని అచ్చుకు పంపకుండా ఆపాను. ఎందుకు ఆపానో మీకు నేరుగా చెప్పాలి.

తప్పు మూడో భాగంలో ఉంది. మొదటి భాగంలోని తల్లీకూతుళ్ల అధ్యాయం మీకు గుర్తుండే ఉంటుంది. కూతురు కుజుడి మీద, తల్లి కడపలో. రెండు గ్రహాలూ బాగా దగ్గరగా ఉన్న రోజుల్లో మాట అటు చేరడానికి 3 నిమిషాలు, బాగా దూరమైన రోజుల్లో 22 నిమిషాలు పడుతుంది. కథలో ఆ రోజు 20 నిమిషాల దూరం. "తిన్నావా తల్లీ?" అని అడిగి అమ్మ ఎసరు పెడుతుంది. బియ్యం కడిగి వేస్తుంది, అన్నం ఉడుకుతుంది, గంజి వారుస్తుంది, అప్పుడు గానీ "తిన్నానమ్మా" అన్న జవాబు రాదు. ఆ 40 నిమిషాల నిరీక్షణే ఆ అధ్యాయమంతా. మన అద్దె ప్రతుల్లో ఆ పేజీలు నలిగినంతగా మరే పేజీలూ నలగలేదు.

అదే తల్లీకూతుళ్లు మూడో భాగం 104వ పేజీలో మాటకు మాట అప్పగించుకుంటూ పోట్లాడుకుంటారు. ఒకరి మాట ముగియకముందే మరొకరు అడ్డు తగులుతారు. జమ్మలమడుగు నుంచి ఒక పాఠకురాలు ఫోన్ చేసి, "ఆ 40 నిమిషాలూ ఎక్కడికి పోయాయండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇందులో రచయిత తప్పు లేదు. తొలి ప్రతిలో ఆయన అలా రాసిన మాట నిజమే. కానీ రెండో ప్రూఫులో ఆయనే పట్టుకుని, ఆ ఆరు పేజీలూ తిరగరాసి ఇచ్చారు. నేను దగ్గర కూర్చుని డీటీపీలో మార్పించాను. సరిచేసిన ఫైలును పెన్‌డ్రైవులో పెట్టి స్వయంగా ప్రెస్సుకు తీసుకెళ్లి ఇచ్చాను. వాళ్లు దాన్ని తెరవనే లేదు. నెల ముందు మెయిల్లో పంపిన పాత ఫైలుతోనే ప్లేట్లు చేశారు. అవి మాఘమాసపు పెళ్లి పత్రికల రోజులు. చివరి ప్రూఫు అడిగితే "ఇప్పుడు కుదరదు సార్, మా మీద నమ్మకం లేదా?" అన్నారు. పదకొండేళ్లుగా అక్కడే అచ్చు వేయిస్తున్నాను, నమ్మాను. ప్రూఫు చూడకుండా సరేనన్నది నేను, ఆ మేరకు తప్పు నాది. కానీ తప్పు బయటపడ్డాక వెళ్లి అడిగితే వాళ్లు అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. "ఆరు పేజీలకు ఇంత గొడవా? ఇవన్నీ పట్టి చూసేవాళ్లు ఎవరున్నారు సార్?"

మీరున్నారు. 500 ప్రతుల్లో 360 మీ ఇళ్లలో ఉన్నాయి. ఇకమీదట మన పుస్తకం ఒక్క ఫారం (కలిపి మడిచి కుట్టే పేజీల కట్ట) కూడా ఆ ప్రెస్సులో పడదు. రేటు తగ్గిస్తామని రెండుసార్లు కబురు చేశారు. నేను వెళ్లలేదు, వెళ్లను.

నన్ను అంతకంటే ఎక్కువ నలిపింది మరొకటి ఉంది. రచయిత నాకంటే పెద్దవారు, నేను గౌరవించే మనిషి. డబ్బు నష్టం ఎందుకని ఆలోచించి ఆయనే ఒక దారి చెప్పారు. ఐదో భాగంలో ఒక పేరా రాస్తారట. మూడో భాగం నాటికి కుజుడి మీదికి ఒక కొత్త యంత్రం వచ్చిందనీ, దానితో మాట క్షణంలో చేరుతుందనీ. దానితో తప్పు కథలో కలిసిపోతుంది, ఎవరికీ నష్టముండదు. నేను ఒప్పుకోలేదు. కాంతిని మించిన వేగంతో కబురు పంపడం ఈ కథాలోకంలో కుదరదని మొదటి భాగంలో ఆయనే రాశారు. ఆ ఒక్క పేరా వస్తే ఎసరు దగ్గర కూర్చున్న ఆ తల్లి నిరీక్షణ వృథా అయిపోతుంది.

ఆయన అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత లారీ నివెన్ ఉదాహరణ చెప్పారు. 1970లో వచ్చిన నివెన్ 'రింగ్‌వరల్డ్' నవలలో ఒక నక్షత్రం చుట్టూ కట్టిన మహా వలయం నిలకడగా ఉండదని పాఠకులు లెక్కకట్టి చెబితే, తరువాతి నవలలో దాన్ని నిలిపి ఉంచే ఇంజన్లు పెట్టి సరిదిద్దారు. నిజమే. కానీ అదే నవల మొదటి ముద్రణలో కథానాయకుడు తన పుట్టినరోజును పొడిగించుకోవడానికి భూమి చుట్టూ తూర్పు దిక్కుగా వెళతాడు. వెళ్లవలసింది పడమరకు. దానికి నివెన్ కొత్త కథ అల్లలేదు, తరువాతి ముద్రణలో దిక్కు మార్చేశారు. మన తప్పు ఈ రెండో రకానిది. వలయం సంగతి ఊహలో జరిగిన పొరపాటు. మనది అచ్చులో జరిగిన పొరపాటు. రచయిత ఇదివరకే సరిగ్గా రాసిన దాన్ని పక్కనపెట్టి, ప్రెస్సు చేసిన తప్పుకు ఆయన చేతనే సాక్ష్యం చెప్పించడం నాకు ఇష్టం లేదు. మూడు వారాలు మేమిద్దరం మాట్లాడుకోలేదు. చివరికి ఆయనే కొట్టుకు వచ్చి, "నీ ఇష్టప్రకారమే కానివ్వు" అన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నారని నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. అయినా నా నిర్ణయం మారదు.

నాలుగో భాగంలో ఇంకొకటి ఉంది. ఇది మా ఇద్దరి తప్పే. రెండో భాగంలో ఎనిమిదేళ్లున్న పాప, నాలుగు కుజ సంవత్సరాలు గడిచాక నాలుగో భాగంలో పన్నెండేళ్లదైంది. కుజుడి సంవత్సరం మన లెక్కలో 687 రోజులు. నాలుగు కుజ సంవత్సరాలంటే ఏడున్నరేళ్లు, పాపకు పదిహేనున్నర ఉండాలి. ప్రొద్దుటూరు నుంచి ఒక లెక్కల మాస్టారు పోస్టుకార్డు మీద ఈ లెక్కంతా వేసి పంపారు. దీనికి తప్పొప్పుల పట్టిక అచ్చు వేసి పుస్తకంతో ఇస్తున్నాం, మలిముద్రణలో సరిచేస్తాం. రెండు భాగాలూ ఒకేసారి మార్చి ఇచ్చే స్తోమత నాకు లేదు. జూల్ వెర్న్ 'మిస్టీరియస్ ఐలాండ్'లో కెప్టెన్ నెమో చెప్పే సంవత్సరాలు అదే నెమో ఉన్న ముందు నవలతో పొసగకపోతే ప్రచురణకర్త పుస్తకంలోనే ఆ సంగతి పేజీ అడుగున రాసి ఒప్పుకున్నాడు. అలా రాసి ఒప్పుకోవడం నాకు నామోషీ కాదు.

ఐదో భాగం ఆలస్యానికి కారణం ఇదే. నాలుగు భాగాలూ ముందేసుకుని పాత్రల వయసులు, దెబ్బలు, తేదీలు, దూరాలు ఒక లెడ్జరులో ఎక్కిస్తున్నాను. పాత తెలుగు కావ్యాల కోసం బ్రౌన్ దొర పండితులను పెట్టి, తాళపత్రాలను పక్కపక్కన ఉంచి పాఠాలు సరిచూయించిన ఊరు మనది. ఆ బంగళా ఉన్న చోట వెలిసిన గ్రంథాలయంలోనే ఒక బల్ల దగ్గర సాయంత్రాలు కూర్చుంటున్నాను. ఇప్పటికి 61 పేజీలు నిండాయి. అది పూర్తయ్యాకే ఐదో భాగం అచ్చుకు వెళుతుంది. వినాయక చవితికి ఇస్తాను. అంతదాకా ఆగలేనివారికి కట్టిన డబ్బు వెంటనే తిరిగి ఇచ్చేస్తాను, కారణం అడగను.

మూడో భాగం కొత్త ప్రతులు జూన్ మొదటి వారానికి సిద్ధమవుతాయి. మీ పాతది తెచ్చి కొత్తది తీసుకెళ్లండి. బిల్లు అక్కర్లేదు, నలిగినా చిరిగినా సరే. పొరుగూరివారు పోస్టులో పంపితే ఆ ఖర్చు నాది. మీ ప్రతి మీద రచయిత సంతకమో, ఇచ్చినవారి చేతిరాతో ఉండి వదులుకోలేకపోతే దానికీ ఏర్పాటు చేశాను. మనవి కుట్టు బైండింగు పుస్తకాలు కాబట్టి, కుట్టు విప్పి ఆ ఆరు పేజీలున్న ఏడో ఫారం ఒక్కటే మార్చి మళ్లీ కుట్టించి ఇస్తాను. అందుకు రెండు రోజులు పడుతుంది. ఇచ్చేటప్పుడు అట్ట లోపల పెన్సిలుతో మీ పేరు రాయండి, ఒకరిది ఒకరికి వెళ్లకూడదు.