పడవలో ఎర్త్ అంటే నీళ్లలో వేలాడే తీగ కాదు

సంపాదకులకు నమస్కారం.

చిన్న పడవల్లో ఇన్వర్టర్ బిగించుకోవడంపై మీరు ప్రచురించిన వ్యాసంలో బ్యాటరీ, వాట్ల లెక్కలు బాగున్నాయి. ఎర్తింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఒక తీగ నీళ్లలోకి వదిలితే సరి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ సలహా పాటిస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

లీకైన కరెంటు ఎప్పుడూ తాను బయల్దేరిన చోటికే, అంటే బ్యాటరీకో ఇన్వర్టర్‌కో, తిరిగి చేరాలని చూస్తుంది. ఆ దారిని రాగితో వేస్తే ఫ్యూజు పోతుంది, ముప్పు తప్పుతుంది. నీళ్ల మీదుగా వదిలితే పక్కన ఈదుతున్న మనిషి ఒంట్లోంచి కూడా వెళ్తుంది. మంచినీటికన్నా మనిషి ఒళ్లే కరెంటుకు సులువైన దారి కాబట్టి సముద్రంకన్నా చెరువులు, నదుల్లో ఈ ముప్పు ఎక్కువ. 10 మిల్లీఆంపియర్ల దగ్గరే కండరాలు పట్టేసి చేతులాడవు.

ముందు ఇన్వర్టర్ బాడీ సంగతి. 12 వోల్టుల మీద నడిచే 1,000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడులో సుమారు 100 ఆంపియర్లు లాగుతుంది. దానికి 35 చదరపు మి.మీ. కేబుల్, బ్యాటరీ ప్లస్‌కు జానెడు లోపే 150 ఆంపియర్ల ఫ్యూజు వేశారనుకుందాం. ఆ ప్లస్ కేబుల్ తొడుగు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే వందల ఆంపియర్లు పారతాయి. బాడీకి ఎర్త్‌గా, సాకెట్ల వైపు వెళ్లే 2.5 చ.మి.మీ. తీగ ఒక్కటే ఉంటే, ఫ్యూజు పోయేలోపే అది ఎర్రగా కాలి పక్కనున్నవాటిని అంటిస్తుంది. అందుకే బాడీ మీది ఎర్త్ బోల్టు నుంచి నెగటివ్ బస్‌బార్‌కు (నెగటివ్ తీగలన్నీ కలిసే లోహపు పట్టీకి) వేరే తీగ వేయాలి. అది ప్లస్ కేబుల్‌కన్నా ఒక్క సైజుకు మించి తగ్గకూడదు. ఇక్కడ 25 చ.మి.మీ. తగరం పూత ఉన్న సన్నపోగుల రాగి కేబులే వాడండి. ఇళ్లలో వేసే ఒంటిపోగు తీగ ఇంజిన్ అదురుకు లగ్ (తీగ చివర బిగించే లోహపు కొస) మెడ దగ్గర విరుగుతుంది. బోల్టు కింద పెయింటు గీకకుండా బిగిస్తే లగ్ గట్టిగానే కనిపిస్తుంది, కరెంటు మాత్రం పోదు.

ఇక 230 వోల్టుల వైపు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చినదానికీ అంత తేడా వస్తే సరఫరా తెంచేసే స్విచ్) మనిషిని కాపాడాలంటే, దానికి ముందే ఇన్వర్టర్ అవుట్‌పుట్ దగ్గర న్యూట్రల్, ఎర్త్ ఒకేఒక్క చోట కలిసి ఉండాలి. కలపకపోతే ఫేజ్ బాడీకి తగిలినా కరెంటుకు తిరుగు దారి ఉండదు, ఆర్‌సీసీబీ కదలదు. ‘టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా’ అంటారు. ఆ బటన్ ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య ఒక రెసిస్టర్‌ను కలిపి తేడా పుట్టిస్తుంది. ఎర్త్ తీగ ఊడిపోయి ఉన్నా అది పడుతూనే ఉంటుంది.

అలాగని ప్రతి ఇన్వర్టర్‌కూ కలిపేయకండి. చవక రకాల్లో కొన్నింటికి రెండు పిన్నుల్లోనూ బాడీతో పోలిస్తే సగం సగం, అంటే 115 వోల్టుల చొప్పున ఉంటుంది. న్యూట్రల్ అనుకున్నదాన్ని ఎర్త్‌కు కలిపిన క్షణంలో ఇన్వర్టర్ కాలిపోతుంది. మీటరు చూసి నిర్ణయించడమూ కుదరదు, దేనికీ కలవని అవుట్‌పుట్ కూడా ఇలాంటి అంకే చూపొచ్చు. మాన్యువల్‌లో అనుమతి లేకపోతే ఆ ఇన్వర్టర్‌ను పడవ వైరింగుకు కలపొద్దు. డబుల్ ఇన్సులేషన్ (ఎర్త్ అక్కర్లేని రెండు పొరల రక్షణ) ఉన్న ఒక్క పరికరాన్ని నేరుగా దానికే గుచ్చి వాడుకోండి.

ఒడ్డు నుంచి కరెంటు తీసుకునేటప్పుడు ఈ న్యూట్రల్-ఎర్త్ కలయిక తెగిపోవాలి. మంచి ఇన్వర్టర్-చార్జర్లలో రిలే (దానంతటదే మారే స్విచ్) ఆ పని చేస్తుంది. తెగకపోతే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ తీగలోంచీ, నీళ్లలోంచీ పోతుంది, ఒడ్డున ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతుంది. విసిగిపోయి ఎర్త్ తీగనే కత్తిరించేవాళ్లున్నారు, అంతకన్నా తెలివితక్కువ పని లేదు. నీళ్లలోని లోహ భాగాలు తినుకుపోతున్నాయని కత్తిరించేవాళ్లు దాని బదులు గాల్వానిక్ ఐసోలేటర్ (ఎర్త్ తీగ తెగకుండానే, లోహాన్ని తినే చిన్న కరెంటును ఆపే పరికరం) పెట్టుకోవాలి. అల్యూమినియం పడవకైతే ఎర్త్‌ను ఒక్క చోటే కలపాలి, పడవ ఒంటినే తీగలా వాడకూడదు.

అంతా అయ్యాక బ్యాటరీ ప్లస్ ఊడదీసి, ఇన్వర్టర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మల్టీమీటరు పెట్టండి. మీటరు తీగల నిరోధం తీసేస్తే దాదాపు సున్నా రావాలి. ఆ తర్వాత బ్యాటరీ కలిపి ఇన్వర్టర్ వేసి, ఫేజ్ నుంచి ఎర్త్‌కు నిజంగానే 30 మిల్లీఆంపియర్లు లీక్ చేసే సాకెట్ టెస్టర్‌తో ప్రతి సాకెట్‌నూ చూడండి, ప్రతిసారీ ఆర్‌సీసీబీ పడాలి. ఒడ్డు కరెంటు మీద మరోసారి చూడండి.

– ఒక మెరైన్ ఎలక్ట్రీషియన్