శీనుకు: గోరంత చోటులో 39 చుక్కలు

అనంతపురం,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయని చదివి మనసు కుదుటపడింది. మన ఊరి బళ్లో పిల్లల్లేక రెండు తరగతులు కలిపేశారు, హైదరాబాద్‌లో చూస్తే కాలు పెట్టే సందు లేదు, ఇంతకీ జనం పెరుగుతున్నారా తగ్గుతున్నారా అని అడిగావు కదా. ఆ ప్రశ్ననే పట్టుకుని మొన్న తొమ్మిదో తరగతిలోకి వెళ్లాను.

గోడకు పాత 23 జిల్లాల మ్యాపు తగిలించాను. 2011 జనగణనలో మన అనంతపురం జిల్లా జనం 40.8 లక్షలు, హైదరాబాద్ జిల్లా జనం 39.4 లక్షలు. దాదాపు సమానమే. నేల చూస్తే మనది 19,130 చదరపు కిలోమీటర్లు, మీది 217. మన జిల్లాను అరచెయ్యంత గీస్తే హైదరాబాద్ గోరంత. లక్ష మందికి ఒక చుక్క పెట్టమన్నాను. మన జిల్లాలో 41 చుక్కలూ విడివిడిగా సర్దుకున్నాయి. గోరంత చోటులో సగం పెట్టేసరికే ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మచ్చయింది. ఓ పాప స్కెచ్ పెన్ను పట్టుకుని "సార్, ఇంక చోటు లేదు" అని నిలబడిపోయింది. జనసాంద్రతకు నేను ఇన్నేళ్లు చెప్పిన నిర్వచనాలన్నిటికన్నా ఆ మాట బాగుందిరా.

పుస్తకాల్లో ఎక్కువగా కనబడేది రంగుల మ్యాపు. సాంద్రత ఎక్కువైతే ముదురు, తక్కువైతే లేత. చూడగానే అర్థమవుతుంది, కానీ జిల్లా మొత్తానికి ఒకే రంగు పూస్తుంది. మన జిల్లాకు సగటున చదరపు కిలోమీటరుకు 213 మంది అంటే ధర్మవరం మగ్గాల వీధులూ కళ్యాణదుర్గం మెట్ట చేలూ ఒకటే అయిపోతాయి. చుక్కల మ్యాపు కూడా చుక్కను జనం ఉన్న చోట పెడితేనే నిజం చెబుతుంది. 1830లో ఫ్రాన్స్‌లో మోంతిజోన్ అనే ఆయన పదివేల మందికి ఒక చుక్క పెట్టి దేశపటం గీశాడు. ఒక్కో జిల్లాలో చుక్కల్ని మాత్రం సమానంగా చల్లేశాడు. అందుకే నేను పిల్లలతో ముందు హిందూపురం, గుంతకల్లు, తాడిపత్రి గుర్తుపెట్టించి, తర్వాతే చుక్కలు పెట్టించాను.

ఇక నీ అసలు ప్రశ్న. ఉమ్మడి రాష్ట్ర జనాభా 2001లో 7.62 కోట్లు, 2011కి 8.46 కోట్లు. అదే పదేళ్లలో ఆరేళ్ల లోపు పిల్లలు కోటి పైచిలుకు నుంచి 91 లక్షలకు తగ్గారు. రెండూ నిజమే. ఇది జనాభా పిరమిడ్‌లో కనబడుతుంది. దాన్ని అపార్ట్‌మెంటు అనుకో. కింది అంతస్తులో 0–4 ఏళ్ల వాళ్లు, పైన 5–9 వాళ్లు, అలా ముసలివాళ్ల దాకా, ఎడమ పక్క మగవాళ్లు, కుడి పక్క ఆడవాళ్లు. ఆ వయసువాళ్లు ఎంతమంది ఉంటే ఆ అంతస్తు అంత వెడల్పు. మన అవ్వల కాలంలో కింది అంతస్తే వెడల్పు. ఇప్పుడు కింద సన్నబడి నడుము దగ్గర ఉబ్బింది. ఆ నడుములో ఉన్నది మనమే. మన అమ్మలు నలుగురైదుగుర్ని కన్నారు, మనం ఒకరిద్దరితో ఆపాం. కాన్పులు తగ్గాయి, కనే వయసువాళ్లు ఎక్కువయ్యారు, పెద్దవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారు. అందుకే బడి ఖాళీ అవుతున్నా లెక్క పెరుగుతూనే ఉంది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, బీహార్‌లో 3. తరం తగ్గకుండా నిలవాలంటే 2.1 కావాలి. ఈ ఉబ్బు పై అంతస్తులకు చేరిన రోజున మనల్ని చూసుకోవడానికి కింద ఎంతమంది ఉంటారోనని నాకు నిజంగా దిగులురా.

ఇంకో సంగతి. 2011 జనగణనలో నేను ఎన్యూమరేటర్‌గా, అంటే వివరాలు రాసుకునే మనిషిగా, ఇల్లిల్లూ తిరిగాను. ఒక అవ్వను వయసెంతని అడిగితే "గాంధీ తాత పోయిన ఏడు నాకు నడక వచ్చిందంట. అరవై రాసుకో నాయనా" అంది. గాంధీ పోయింది 1948 జనవరిలో. లెక్కేస్తే అవ్వకు అరవై నాలుగు. అందరూ ఇలా సున్నాకో ఐదుకో సర్దేస్తారు కాబట్టే, ఏడాదికో గీత చొప్పున పిరమిడ్ గీస్తే దువ్వెన పళ్లలా 30, 35, 40, 60 దగ్గర గీతలు పొడుచుకొస్తాయి. ఐదేసి ఏళ్లు కలిపి గీయడానికి అదీ ఒక కారణం.

2027 జనగణనకు మీ ఇంటికి మనిషి వచ్చినప్పుడు అమ్మ వయసు ఉజ్జాయింపుగా చెప్పొద్దు. మీ తాత రాసిపెట్టిన జాతకం ట్రంకుపెట్టెలో ఉందని అమ్మే ఒకసారి నాతో అంది. ఇప్పుడే వెతికి పెట్టు.

నీ
రఘు