పాయింట్ల పక్కన నిమిషాలు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

యూరప్ నుంచి అమెరికా వెళ్లిన బాస్కెట్‌బాల్ ఆటగాడు నాలుగు పాయింట్లే చేస్తే ‘తేలిపోయాడు’ అని రాసేస్తారు, అసలు అతన్ని ఎన్ని నిమిషాలు ఆడనిచ్చారో మాత్రం రాయరు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

డ్రాజెన్ పెట్రోవిచ్ సంగతే చూడండి. ఇప్పటి క్రొయేషియాలోని జాగ్రెబ్ నగరపు సిబోనా జట్టుకు 1985, 1986లలో వరుసగా యూరప్ కప్పు తెచ్చిపెట్టినవాడు, 1989లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జట్టులో చేరితే అతని స్థానంలో అప్పటికే క్లైడ్ డ్రెక్స్‌లర్ అనే స్టార్ ఆటగాడు పాతుకుపోయి ఉన్నాడు. రెండో ఏడాదికి 48 నిమిషాల ఆటలో ఇతనికి దక్కింది సగటున 7 నిమిషాలు. ఒళ్లు వేడెక్కేలోపే వెనక్కి పిలిచేస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు? 1991 జనవరిలో న్యూజెర్సీ జట్టుకు మారాడు, అక్కడ ఆడనిచ్చారు, 1992-93లో మ్యాచ్‌కి సగటున 22 పాయింట్లకు పైగా కొట్టాడు. 1993 జూన్‌లోనే జర్మనీలో కారు ప్రమాదంలో పోయాడు, 28 ఏళ్లకే. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇక్కడ బెంగళూరులో ప్రాక్టీసుకు వచ్చే పిల్లల్లోనూ ఇదే చూస్తున్నాను. మా అమ్మాయి మొన్నటి టోర్నమెంటులో లేసులు బిగించుకుని చివరి విజిల్ దాకా బెంచీ అంచునే కూర్చుంది, కోచ్ అటు తిరిగి కూడా చూడలేదు. ఇంటికొచ్చాక బంధువులు అడిగింది మాత్రం ఎన్ని బాస్కెట్లు వేశావనే.

దయచేసి మీ క్రీడల పేజీలో పాయింట్ల పక్కన ఆడిన నిమిషాలు కూడా వేయండి. చిన్న అంకె, పెద్దగా చోటు కూడా పట్టదు.

– ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు