లక్ష్యం మీద మబ్బు ఎంత ఎత్తున ఉంది?

సంపాదకులకు,

వైమానిక దాడి వార్తల్లో విమానం పేరు, క్షిపణి ఎంత దూరం వెళ్తుందో వివరంగా వస్తాయి. ఆ వేళ లక్ష్యం మీద మబ్బు ఎంత ఎత్తున ఉందో ఎవరూ రాయరు. జీపీఎస్ బాంబులు వచ్చాక వాతావరణంతో పనేముందని చర్చల్లో అనేస్తుంటారు. అది పొరపాటు.

లేజర్ బాంబు సంగతే చూడండి. లక్ష్యం మీద పడిన లేజర్ చుక్క నుంచి తిరిగొచ్చే వెలుగును పట్టుకుని అది దిగుతుంది. మధ్యలో మబ్బు అడ్డొస్తే నీటి బిందువులు ఆ వెలుగును చెదరగొడతాయి. చుక్క దొరకని బాంబు ఎక్కడ పడుతుందో చెప్పలేం. అందుకే పైలట్లకు ‘ఆకాశం మేఘావృతం’ అంటే చాలదు. ఆకాశాన్ని ఎనిమిది వంతులు చేస్తే ఎన్ని వంతులను మబ్బు కమ్మింది, మబ్బు కింది అంచు ఎన్ని అడుగుల ఎత్తున ఉంది, ఏ గంటకు విడిపోతుంది అన్నవి కావాలి. 1991 గల్ఫ్ యుద్ధంలో మబ్బుల వల్ల ఎన్నో దాడులు ఆగిపోయాయి. ఆ అనుభవంతోనే అమెరికా జీపీఎస్ సాయంతో దిగే జేడామ్ బాంబులను తయారుచేసి, 1999లో కొసావో యుద్ధంలో తొలిసారి వాడింది.

వీటికి మబ్బు అడ్డు కాదు, నిజమే. కానీ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలకే అవి వెళ్తాయి. అంతలో అక్కడికి పౌరుల వాహనం వచ్చి ఆగితే వాటికి తెలియదు. చూసి ఆపాల్సిన కంటికి మబ్బు ఇప్పటికీ అడ్డే. ఇది ప్రాణాల విషయం.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న అమెరికా సైన్యం దిగిన ఫ్రాన్స్‌లోని ఒమాహా తీరం మీద మబ్బు కమ్మడంతో అమెరికా బాంబర్లు రాడార్ సాయంతో బాంబులు వేశాయి. సొంత సైనికుల మీద పడకూడదని కొన్ని సెకన్లు ఆగి వదలడంతో అవి తీరం దాటి లోపల పడ్డాయి. తీరంలోని జర్మన్ స్థావరాలు దాదాపు చెక్కుచెదరలేదు.

వేడి తేడాలను బట్టి బొమ్మ చూపే పరారుణ కెమెరాకు మరో చిక్కు. రోజుకు రెండుసార్లు, పొద్దు పొడిచాక ఒకసారి, పొద్దు వాలే వేళ ఒకసారి, నేల, ట్యాంకు ఇంచుమించు ఒకే వేడికి చేరి బొమ్మలో కలిసిపోతాయి. ఆ వేళలనూ ముందే లెక్కగట్టాలి.

లక్ష్యం దగ్గరి వాతావరణ సూచన ఒక్కటే సరిపోదు. బయల్దేరే చోట ఎండకు గాలి పలచబడితే రెక్కలకు ఎత్తే బలం, ఇంజిన్‌కు తోసే బలం రెండూ తగ్గుతాయి. అప్పుడు బాంబులనో, ఇంధనాన్నో తగ్గించుకోవాలి. గాల్లో ఇంధనం నింపుకునే చోట కుదుపులు ఉండకూడదు. తిరిగొచ్చేసరికి రన్‌వేను పొగమంచు కమ్మేస్తే దిగడానికి మరో చోటు ముందే చూసుకుని, అక్కడిదాకా సరిపడా ఇంధనం మిగుల్చుకోవాలి.

దాడి వార్తలు రాసే మీ విలేకరులు ఆ వేళ అక్కడి మబ్బు ఎత్తు ఎంతో కూడా అడిగి రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు