మంత్రి గారూ, గది కట్టేముందు గ్రౌండ్ కొలిపించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులు కొందరు నమస్కరించి రాయునది.

ఊళ్లో మమ్మల్ని ఇప్పటికీ డ్రిల్లు మాస్టార్లనే అంటారు. పిలుపుతో మాకు పేచీ లేదు, డ్రిల్లు చేయించే చోటే ఏటికేడాది తరిగిపోతోంది. ఈ లేఖ బదిలీల గురించి కాదు, పీఆర్సీ గురించీ కాదు. గ్రౌండ్ గురించి.

మా బడుల్లో పాతవి జిల్లా బోర్డు హైస్కూళ్లుగా మొదలయ్యాయి. 1959లో పంచాయతీరాజ్ వచ్చి, జిల్లా బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక పేరు మారింది. స్థలం చాలాచోట్ల ఊరి పెద్దలు ఇచ్చిందే. దాత పేరు ఆర్చి మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దానపత్రం రిజిస్టరయిందా అంటే మాత్రం అందరూ మొహాలు చూసుకుంటారు. కాగితం సరిగా లేని స్థలంలో ముందు కరిగేది గ్రౌండే. పక్కింటి మెట్టు ఒకటి లోపలికొస్తుంది, తర్వాత గడ్డివామి, ఆ తర్వాత రేకుల షెడ్డు.

బయటివాళ్ల సంగతి అలా ఉంచితే, మన పథకాలే ఇంకొంత తిన్నాయి. 2019లో మొదలైన నాడు-నేడు తొలి విడతలో మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు, ప్రహరీ ఉన్నాయి. అన్నీ కావలసినవే. గ్రౌండ్ లేదు. 2022లో తెలంగాణ మొదలుపెట్టిన ‘మన ఊరు - మన బడి’ పన్నెండు అంశాల్లోనూ లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో మాత్రం ఆటస్థలం ఉండాలని స్పష్టంగా ఉంది.

గదులు వద్దని ఎవరంటారు? ఎక్కడ కడుతున్నారన్నదే ప్రశ్న. మాకు స్టేడియం అక్కర్లేదు, 200 మీటర్ల ట్రాక్ చాలు. చెరో 40 మీటర్ల చొప్పున రెండు నేరు భాగాలు, రెండు కొసల్లో వంపులు. వంపుకు గీత వ్యాసార్ధం 18.90 మీటర్లు, పరుగును కొలిచేది దానికి 20 సెంటీమీటర్లు బయటగా. లేను వెడల్పు 1.22 మీటర్లు. ఆరు లేన్లతో మొత్తం 93 మీటర్ల పొడవు, 53 మీటర్ల వెడల్పు, అంటే ఎకరం 22 సెంట్లు. లోపలి ఖాళీలో 27×16 ఖోఖో కోర్టు, 18×9 వాలీబాల్ కోర్టు, 13×10 కబడ్డీ కోర్టు మూడూ పడతాయి. అంచు వెంట వరసగా పది గదులు కట్టినా నష్టం లేదు. ఒక మూలలో రెండు గదులు లేస్తే వంపు పోయినట్టే, దాంతో ట్రాకే పోయినట్టు. ఇంజినీరు గారికి ఖాళీగా కనిపించిన మూల మాకు 200 మీటర్ల పరుగులో మలుపు.

వంద మీటర్ల పరుగు సంగతి ఇంకా కష్టం. స్టార్టింగ్ వెనక 3 మీటర్లు, ఫినిష్ దాటాక 17 మీటర్లు కలిపితే 120 మీటర్లు నేరుగా కావాలి. ఎదురుగా గోడ కనిపిస్తుంటే ఏ పిల్లా చివరి పది మీటర్లు నిండుగా పరిగెత్తదు. గీతకు ముందే బ్రేకు వేస్తుంది, రెండు చేతులూ గోడకు ఆనించి ఆగుతుంది. మేం స్టాప్‌వాచ్‌లో చూసే టైము ఆ పిల్లది కాదు, గోడది. 2023లోనూ 2025లోనూ ఆసియా చాంపియనైన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ పొడుగు చూసి, హర్డిల్స్‌కు పనికొస్తుందని ముందు పసిగట్టింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయులే. 13 మీటర్ల దగ్గర మొదటి హర్డిల్, అక్కణ్నుంచి 8.5 మీటర్లకొకటి చొప్పున పది పెట్టే చోటుండాలి కదా, పసిగట్టాక ఏదైనా చేయడానికి.

ఇక నీళ్లు. సీసీ రోడ్డు వేసినప్పుడల్లా అర అడుగు లేస్తుంది, గ్రౌండ్ ఉన్నచోటే ఉంటుంది. దాని చుట్టూ తూము వదలకుండా ప్రహరీ కడితే వానాకాలంలో చెరువే, మండల స్థాయి పోటీలు వచ్చేదీ అప్పుడే. గోడ పునాదిలో పల్లం వైపు రెండు తూములు ముందే పెట్టిస్తే పోయేదానికి, తర్వాత గోడ పగలగొట్టాల్సి వస్తోంది. నల్లరేగడి ఊళ్లలో అదీ చాలదు. ఎండాకాలం నెర్రెలిస్తుంది, చీలమండలు మెలిపడేది అక్కడే. ఆరు లేన్ల మేర ఆరంగుళాల గ్రావెల్ పరిచి రోలరు తిప్పాలి. ట్రాక్టరుకు వంద ఘనపుటడుగుల లెక్కన దాదాపు 87 ట్రిప్పులు, అణుగుతుంది కాబట్టి వంద అనుకోండి.

తప్పులు మా వైపూ ఉన్నాయి. నైలాన్ తాడుతో వంపు గీస్తే తాడు సాగి కొలత మారుతుంది, స్టీలు టేపే వాడాలి. రెండో లేనుకు స్టాగర్, అంటే బయటి లేను మొదలును ముందుకు జరిపే దూరం, 7.04 మీటర్లని పుస్తకంలో చూసి పెట్టేస్తాం. అది లోపలి అంచున గట్టు ఉన్న ట్రాక్ లెక్క. ఉత్త సున్నపు గీతకు 7.67 పెట్టాలి, లేకపోతే మొదటి లేను తప్ప మిగతా పిల్లలంతా 63 సెంటీమీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టే.

సమగ్ర శిక్షా కింద హైస్కూలుకు క్రీడల కోసం 25,000 రూపాయల వరకు వస్తుంది. అది బంతులకు, నెట్లకు. మట్టికి, రోలరుకు, లాంగ్‌జంప్ గుంతలో పోయాల్సిన మూడు నాలుగు ట్రాక్టర్ల ఇసుకకు ఏ పద్దూ లేదు.

సభలకు, బాణసంచా దుకాణాలకు, హెలిప్యాడ్లకు గ్రౌండ్ ఇవ్వమంటే హెడ్మాస్టరు కాదనలేరు. షామియానా ఎత్తేశాక గుంజల గుంతలు అలాగే ఉంటాయి, పైన దుమ్ము కప్పి కనబడవు. ముందే డిపాజిట్ కట్టించుకుని, గుంతలు పూడ్చి రోలరు తిప్పాకే వాపసు ఇవ్వమని ఒక్క జీవో ఇప్పించండి.

అన్నిటికంటే ముందు, కొత్త గదికి శంకుస్థాపన జరిగేలోగా మండల సర్వేయరు చేత స్థలం కొలిపించి, హద్దు రాళ్లు పాతించి, సైట్ ప్లానులో ట్రాక్ గీయించండి. మిగిలిన చోట గదులు కట్టుకోమనండి. సర్వేయరు వచ్చే రోజు ముందుగా చెప్పిస్తే టేపు రెండో కొస మేమే పట్టుకుంటాం.

ఇట్లు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులు