వార్షిక నివేదిక: హెచ్‌ఐవీ, క్యాన్సర్లపై సంఘం ఏడాది కృషి

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన మిత్రులందరికీ నమస్కారాలు. గత సమావేశ తీర్మానం ప్రకారం సంఘం ఈ ఏడాది తన శక్తిలో అధిక భాగాన్ని ఒకే విషయానికి వెచ్చించింది. అది హెచ్‌ఐవీతో జీవిస్తున్న గే, బైసెక్సువల్ పురుషులకు వచ్చే క్యాన్సర్ల విషయం. కండోముల పంపిణీ, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి తోడు వెళ్లడం, ఫోన్ సహాయం ఎప్పటిలాగే సాగాయి గనుక వాటిని మళ్లీ వివరించడం లేదు.

ఈ ఏడాది సంఘానికి గర్వకారణమైన కార్యక్రమం మనం జరిపిన ఒకరోజు సదస్సు. హాలు నిండిపోయి కొందరు గోడవారన నిలబడి విన్నారు. ఉదయం చరిత్రతో మొదలుపెట్టాం. 1981 జూలై 3న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, 26 మంది గే పురుషులకు కపోసి సార్కోమా అనే క్యాన్సర్ వచ్చినట్లు తన వారపత్రికలో ప్రకటించింది. వారిలో 20 మంది న్యూయార్క్ నగరం వారు, ఆరుగురు కాలిఫోర్నియా వారు. ఎనిమిది మంది అప్పటికే చనిపోయారు. అంతకుముందు అక్కడ ఆ జబ్బు ఎక్కువగా వయసు మళ్లిన మగవారి కాళ్లమీద ఊదారంగు మచ్చలుగా పుట్టి ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగేది.

1990లో వలెరీ బెరల్ బృందం సీడీసీ లెక్కలను వర్గాలవారీగా విడదీసి చూసింది. ఎయిడ్స్ ఉన్న గే, బైసెక్సువల్ పురుషుల్లో 21 శాతం మందికి కపోసి సార్కోమా ఉండగా, రక్త ఉత్పత్తుల ద్వారా హెచ్‌ఐవీ సోకిన హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగుల్లో అది ఒక్క శాతానికే కనిపించింది. హెచ్‌ఐవీ ఇద్దరిలోనూ ఉన్నదే కాబట్టి, ఈ తేడాకు లైంగికంగా సంక్రమించే మరో క్రిమి కారణమై ఉంటుందని వారు వాదించారు. 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు కపోసి కణితిలో ఆ వైరస్‌ను కనుగొన్నారు; దానినే నేడు హెచ్‌హెచ్‌వీ-8 అంటున్నారు.

ఇందులో శాస్త్రజ్ఞుల ప్రతిభ ఎంత ఉందో మనలాంటి వారి ధైర్యం కూడా అంతే ఉందని నా దృఢ అభిప్రాయం. 1984లో బాల్టిమోర్, చికాగో, పిట్స్‌బర్గ్, లాస్ ఏంజెలెస్‌లలో మొదలైన మాక్స్ అధ్యయనంలో వేలమంది గే, బైసెక్సువల్ పురుషులు ఆరు నెలలకోసారి వచ్చి రక్తం ఇచ్చారు, తమ లైంగిక జీవితం గురించి అడిగినవాటికి జవాబు చెప్పారు. అలా దాచిపెట్టిన రక్తనమూనాలను తరువాత పరీక్షించినప్పుడే, మచ్చలు రాకముందే ఒంట్లో ఆ వైరస్‌కు ప్రతిరక్షకాలు పుడుతున్నాయని తేలింది.

మధ్యాహ్నం సభ నేటి ముప్పు మీద సాగింది. 1996 నుంచి వచ్చిన, కొన్ని హెచ్‌ఐవీ మందులను కలిపి ఇచ్చే చికిత్స వల్ల కపోసి సార్కోమా, లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) బాగా తగ్గాయి. మలద్వార క్యాన్సర్ మాత్రం అలా తగ్గలేదు. దీనికి ప్రధాన కారణం లైంగికంగా సోకే హెచ్‌పీవీ అనే వైరస్, ముఖ్యంగా అందులోని 16వ రకం. 2021లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం హెచ్‌ఐవీ ఉన్న గే, బైసెక్సువల్ పురుషుల్లో ఏడాదికి లక్షకు సుమారు 85 మందికి, హెచ్‌ఐవీ లేని వారిలో సుమారు 19 మందికి ఇది వస్తోంది. అయితే హెచ్‌ఐవీతో ఉన్న 35 ఏళ్లు దాటిన నాలుగు వేలమందికి పైగా పాల్గొన్న యాంకర్ అధ్యయనం, క్యాన్సర్‌కు ముందుదశ మార్పులకు చికిత్స చేస్తే క్యాన్సర్ 57 శాతం తగ్గుతుందని 2022లో నిరూపించింది. అంటే ఇది ముందుగా పట్టుకోగలిగిన జబ్బు.

ఈ మాట విన్నాక మన సభ్యుడొకరు లేచి, రక్తం పడుతుంటే మొలలనుకుని చాలాకాలం లేపనం రాసుకున్నానని, మగవారితో ఉంటానన్న ఒక్కమాట డాక్టరుకు చెప్పలేకపోయానని, చివరికి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలో క్యాన్సర్ అని తేలిందని నిలబడే చెప్పారు. ఆ తరువాత మలద్వారంలో డాక్టరు వేలితో చేసే పరీక్ష గురించి అడగడానికి సిగ్గుపడినవారు లేరు. ఆయనకు సంఘం తరఫున శిరసు వంచి కృతజ్ఞతలు.

ఇక చెప్పక తప్పని విషయాలు. ఆసుపత్రి క్యాన్సర్ విభాగంలో రోగి వివరాల పత్రాన్ని చూశాం. పొగాకుకు గడి ఉంది, మద్యానికి గడి ఉంది, పెళ్లయిందా లేదా అనే గడి ఉంది. హెచ్‌ఐవీకి గానీ, మగవారితో సంబంధాలకు గానీ గడి లేదు. గోప్యత కాపాడుతూ అడగవలసిన తీరును సూచిస్తూ వినతిపత్రం ఇచ్చాం, జవాబు రాలేదు. సదస్సుకు వస్తామని మాటిచ్చిన అధికారులకు మొదటి వరుసలో వేసిన కుర్చీలు సాయంత్రం దాకా ఖాళీగానే ఉన్నాయి. వాలంటీర్లుగా పేరిచ్చిన వారిలో సగం మంది కూడా రాలేదు. వచ్చిన కొద్దిమందే నీళ్లు మోసి, పేర్లు రాసి, చివరికి హాలు ఊడ్చి తాళం వేశారు. పేరు ఇచ్చినవారు రావాలి. రాలేకపోతే ముందురోజైనా చెప్పాలి.

ఆదాయ వ్యయాల పట్టిక కోశాధికారి సంతకంతో నివేదికకు జతచేయబడింది. సదస్సు ఖర్చు విరాళాలతోనే గడిచింది. ఉచితంగా వచ్చి ప్రసంగించిన వైద్యులకు, హాలు ఇచ్చినవారికి, భోజనాలు వండినవారికి, కరపత్రం అచ్చువేసినవారికి, పేరు చెప్పవద్దన్న దాతలకు ధన్యవాదాలు.

రాబోయే ఏడాదికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలు పెడుతోంది: హెచ్‌ఐవీతో ఉన్న 35 ఏళ్లు దాటిన ప్రతి సభ్యుడినీ పరీక్షకు తోడు తీసుకెళ్లడం, యువసభ్యులకు హెచ్‌పీవీ టీకా గురించి తెలియజేయడం, వివరాల పత్రం గురించి మళ్లీ వినతిపత్రం ఇవ్వడం. తోడు వెళ్లగలిగేవారు ఈ సమావేశం ముగిసేలోగా సహాయ కార్యదర్శి వద్ద పేరు నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి