పాత రాక్ రికార్డులకు గ్రేడు కట్టడం గురించి

ఎడిసన్, న్యూజెర్సీ

ప్రియమైన మిత్రమా,

కొలంబస్‌లో ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మేసే అమ్మకంలో) నువ్వు కొన్న రాక్ రికార్డుల పెట్టె గురించి రాసిన ఉత్తరం అందింది. ఫొటోలు తీరిగ్గా చూశాను. సరుకు మంచిదే. అయితే నీ జాబితాలో సగం రికార్డుల పక్కన ‘మింట్’ (ఏ లోపమూ లేని కొత్తదనం) అని రాసి ఉండటం చూసి నాకు కొంచెం గాభరా వేసింది. ఒకరి ఇంట్లో యాభై ఏళ్లపాటు మోగిన రికార్డు మింట్ స్థితిలో ఉండటం దాదాపు జరగని పని. సీలు విప్పని దానికి కూడా, లోపల వంకర తిరిగి ఉందో లేదో చూడకుండా ఆ గ్రేడు రాయడానికి నాకు మనసొప్పదు.

ఈ దేశంలో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎక్కువగా నమ్మేది గోల్డ్‌మైన్ పత్రిక కొలమానాన్ని. 1974లో మొదలైన ఆ పత్రిక పద్ధతినే రికార్డులు కొని అమ్మే వెబ్‌సైట్ డిస్కాగ్స్ కూడా అనుసరిస్తుంది. మింట్ తరువాత నియర్ మింట్ (దాదాపు మింట్), దాని కింద వీజీ (వెరీ గుడ్) ప్లస్, వీజీ, జీ (గుడ్) ప్లస్, జీ, అన్నిటికంటే అడుగున ఫెయిర్, పూర్ వస్తాయి. నియర్ మింట్ రికార్డుకు పలికే ధరలో వీజీ ప్లస్‌కు సుమారు సగం, వీజీకి పావు వంతు, జీకి పది పదిహేను శాతం వస్తాయని మోటు లెక్క. జీ స్థాయి రికార్డు అంటే ముల్లు దూకకుండా చివరిదాకా నడుస్తుందన్న హామీ మాత్రమే. పాటతోపాటు చిటపటలు కూడా వినాల్సిందే. నియర్ మింట్‌కూ వీజీ ప్లస్‌కూ మధ్య ఉన్న గీత దగ్గరే ధర సగానికి పడిపోతుంది కనుక, అమ్మేవాడి చెయ్యి ఊరికే పైకి పోయేదీ, కొన్నవాడికి ఒళ్లు మండేదీ అక్కడే. నీ పెట్టెలో నిజమైన నియర్ మింట్‌లు రెండో మూడో తేలితే అదృష్టమనుకో.

గ్రేడు కట్టే ముందు రికార్డును శుభ్రం చెయ్యి. డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క సబ్బు ద్రవం కలిపి, లేబుల్ తడవకుండా, మెత్తటి గుడ్డతో గాళ్ల వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా రుద్దకూడదు. ఆరిన తరువాత ట్యూబ్‌లైట్ కింద కాకుండా ఒక్క బల్బు ఉన్న దీపం దగ్గరికి తీసుకెళ్లి, చీర నాణ్యం చూడటానికి కొట్టు గుమ్మంలోకి, ఎండలోకి తెచ్చి తిప్పి చూసినట్టు, రికార్డును వాలుగా పట్టుకొని నెమ్మదిగా తిప్పు. కాగితపు కవరులోంచి తీసీ పెట్టీ చేసినందువల్ల ఏర్పడిన వెంట్రుకవాసి గీతలు అప్పుడే బయటపడతాయి. అవి సాధారణంగా వినిపించవు, వాటితో వీజీ ప్లస్ దక్కుతుంది. గోటికి తగిలే గీత అయితే వేరే సంగతి. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది కనుక, అడ్డంగా పడిన లోతైన గీత ఆ లెక్క తప్పకుండా ‘టిక్, టిక్’ అంటూనే ఉంటుంది. ఏ పాటలో, ఎన్నిసార్లు వినిపిస్తుందో రాసిపెడితే కొనేవాడు నిన్ను గౌరవిస్తాడు.

చిల్లు చుట్టూ లేబుల్ మీద సన్నని గీతలు కనిపిస్తే, ఎవరో చీకట్లో కడ్డీ కోసం తడుముకుంటూ చాలాసార్లు పెట్టారని అర్థం. పై మెరుపు చూసి మోసపోవద్దని చెప్పే గుర్తు అది. బరువైన టోన్ఆర్మ్ (ముల్లును మోసే కడ్డీ), అరిగిపోయిన ముల్లు ఉన్న చవక ప్లేయర్ మీద మోగిన రికార్డు కంటికి నిగనిగలాడుతూనే ఉంటుంది కానీ, గాళ్ల గోడలు చెక్కుకుపోయి ఉంటాయి. లేబుల్ దగ్గరికి వచ్చేకొద్దీ ఒక చుట్టులో ముల్లు నడిచే దూరం తగ్గుతుంది కనుక, దెబ్బ మొదట తెలిసేది ప్రతి వైపు చివరి పాటలోనే. అన్నీ పూర్తిగా వినే తీరిక నీకు ఉండదు. ఖరీదైన వాటినైనా ప్రతి వైపు చివరి రెండు నిమిషాలు విను. గొంతు బొంగురుపోయినట్టు, తాళాల మోత ఇసుక రాల్చినట్టు వినిపిస్తే, చూపుకు ఎంత బాగున్నా వీజీ అనే రాయి.

ఇక ఏ ముద్రణో, అంటే ఏ విడతలో అచ్చయిన రికార్డో తేల్చకుండా ధర పెట్టకు. పాటలు అయిపోయిన తరువాత లేబుల్‌కు ముందు మిగిలే నున్నని పట్టీ మీద చెక్కిన అంకెలూ అక్షరాలే దాని జాతకం. లెడ్ జెప్పెలిన్ రెండో ఆల్బమ్ 1969లో వచ్చినప్పుడు మాస్టరింగ్ ఇంజనీరు రాబర్ట్ లడ్విగ్ చాలా గట్టి శబ్దంతో కట్ చేశాడు, అంటే రికార్డులకు మూలమైన డిస్కు మీద గాళ్లు చెక్కాడు. చవక ప్లేయర్ల మీద ముల్లు దూకుతోందని తరువాత శబ్దం తగ్గించి మళ్లీ కట్ చేశారు. ఆ మొదటి కట్ మీద అతని పొడి అక్షరాలు ‘ఆర్ ఎల్’ రెండు వైపులా ఉంటాయి. అలాంటిది మంచి స్థితిలో దొరికితే వందల డాలర్లు పలుకుతుంది, అవి లేని తరువాతి ముద్రణకు అందులో చిన్న భాగం మాత్రమే వస్తుంది. నీ ఫొటోలో అట్ట ఒక్కటే ఉంది. ఆ పట్టీని పక్క నుంచి టార్చి వేసి ఫొటో తీసి పంపు. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ బ్రిటిష్ తొలి ముద్రణకైతే లేబుల్ మీద నిండుగా నీలం రంగు నింపిన త్రికోణం ఉంటుంది. రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు లోపలే ఉన్నాయో లేదో కూడా చూడు. అవి లేకపోతే ఆ మాట రాయకుండా దాటేయడం మోసమే అవుతుంది.

అట్టకు గ్రేడు వేరుగా ఇవ్వాలి. లోపలి రికార్డు అంచు ఒత్తుకొని ఏర్పడిన గుండ్రటి మచ్చ, చీలిన అంచు, మూల కోత, పాత యజమాని సంతకం, ఇవన్నీ ఒక్కో మాటలో రాయి. మూల కోత పంపిణీదారులు మిగిలిపోయిన సరుకును తక్కువ ధరకు వదిలించుకున్న గుర్తే తప్ప నీ తప్పేమీ కాదు. రోలింగ్ స్టోన్స్ 1971 ఆల్బమ్‌కు అట్ట మీద నిజమైన జిప్పు ఉంటుంది. బొత్తులుగా పేర్చినప్పుడు అది కింద రికార్డును నొక్కేస్తోందని, నష్టం లేబుల్ మీదే పడేలా జిప్పును కొంత కిందికి లాగి పంపడం మొదలుపెట్టారు. నీ దగ్గర ఉన్నదానికి జిప్పు పైనే ఉంటే, రికార్డు మీద సరిగ్గా ఆ చోట గుంట ఉందేమో వెతుకు.

ధర విషయంలో, ఎవరెవరు ఎంత అడుగుతున్నారో చూడకు. నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో, అదీ నీ ముద్రణకే, నీ గ్రేడుకే చూడు. ఆశ ఎవరైనా పడతారు. వీజీ కంటే తక్కువ స్థాయివాటిని ఒక్కొక్కటీ అమ్ముతూ కూర్చుంటే పోస్టు ఖర్చులకే సరిపోతుంది, గుత్తగా దుకాణానికి ఇచ్చెయ్యి. అరుదైనవి మాత్రం ఆ లెక్కలోకి రావు.

చివరిగా ప్యాకింగు. రికార్డును అట్టలోంచి తీసి, శుభ్రమైన లోపలి కవరులో ఉంచి, అట్ట వెనుక పెట్టి పంపాలి. లేకపోతే పార్శిల్ విసిరినప్పుడు రికార్డు అంచే అట్టను చీల్చేస్తుంది. రెండు వైపులా గట్టి కార్డుబోర్డులు, ఒకదాని చారలకు మరొకదాని చారలు అడ్డంగా వచ్చేటట్టు పెట్టు. పోస్టాఫీసువాళ్ల మీడియా మెయిల్ చవక, రికార్డులకు చెల్లుతుంది కూడా, కానీ నెమ్మది. జులైలో శుక్రవారం సాయంత్రం పోస్టులో వేస్తే రెండు రోజులు ఏ ఎండలో పడి ఉంటుందో తెలియదు కనుక, సోమవారమే వెయ్యి.

చెల్లెమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ మిత్రుడు